పచ్చ అంచు కాగితాలు

బహ్రెయిన్‌లో మా బుదైయా సందుల్లో కార్లు తేలిన వాన పడిందే, ఆ ఏడాది సంగతి ఇది. నాకు ఏళ్లు అంకెలతో గుర్తుండవు. మూడో తరగతితో బడి వదిలినవాణ్ణి, నీళ్లతో గుర్తుపెట్టుకుంటాను. మా వాగు పొంగి మక్కచేను కొట్టుకుపోయిన ఏడు నా పెళ్లి. గోదావరి మా ఊరి మెట్లెక్కిన ఏడు నేను దుబాయి విమానం ఎక్కాను. మావైపు బహ్రెయిన్‌నూ దుబాయే అంటారు. ఇక్కడి వాన వేరు. ఈ నేలకు నీళ్లు తాగడం తెలియదు. రెండు రోజులు కురిస్తే రెండు వారాలు నిలబడుతుంది.

ఆ నీళ్లే నా బామ్మర్దిని నా గదికి తెచ్చాయి. నర్సింగ్ నా భార్య ముత్తెమ్మకు తమ్ముడు. రోడ్లు ఊడ్చే కంపెనీలో పని. వాళ్ల క్యాంపులో కింది గదులన్నీ మునిగేసరికి, ఆరేదాకా ఎక్కడైనా తలదాచుకోండని పంపేశారు. పరుపు నెత్తిన పెట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. అప్పటికి గదిలో ఉండేది నేనూ, ఇనాయత్. ఇనాయత్‌ది కోరుట్ల. రొట్టెల ఫ్యాక్టరీ బండి తోలతాడు. ఏళ్ల తరబడి మా ఇద్దరికీ ఒకటే పొయ్యి.

“రా సాలే,” అన్నాడు ఇనాయత్. “మీ బావకు మాటలు రావు. నాకు వంట రాదు. నువ్వన్న అక్కరకొస్తవ్.”

“నేను బావకు బామ్మర్దిని సాయబూ. నీకెట్ల సాలానైత?”

“ఒక్క గిన్నెల తింటలేమా? లింగన్న సాలా నాకు సాలా కాదా? ముందుగాల ఉల్లిగడ్డ కొయ్యి.”

అట్లా ముగ్గురమయ్యాం. క్యాంపు ఆరాక కూడా బామ్మర్ది మా దగ్గరే ఉండిపోయాడు. నర్సింగ్‌కు కొత్త డ్యూటీ కూడా బుదైయాలోనే వేశారు. చీకటి ఉండగానే చీపురు, బండి పట్టుకుని వెళ్లేవాడు. ఇనాయత్ రొట్టెల బండీ అప్పుడే కదిలేది. నేను ఎండ పొడిచాక సైకిలు మీద ఉమ్మ్ దావూద్ ఇంటికి పోయేవాణ్ణి.

ఉమ్మ్ దావూద్ ముసలామె. దావూద్ తల్లి కాబట్టి అందరూ అలా పిలుస్తారు. పనివాళ్లం మామా అంటాం, ఇక్కడ ఇంటి యజమానురాలిని అట్లాగే పిలవాలి. నా నెత్తి నల్లగా ఉన్నప్పటి నుంచి ఆమె దగ్గరే ఉన్నాను. నా వీసా ఆమె పేరు మీదే. ఖర్జూరం చెట్లకు నీళ్లు పెట్టడం, వాకిలి కడగడం, బజారు సామాను తేవడం నా పని. ఆమె నాతో మాట్లాడేది సగం అరబ్బీ, సగం హిందీ. నాదీ అంతే. ఇద్దరికీ తక్కువ మాటలే కావాలి కాబట్టి సరిపోయింది.

వాన నీళ్లు ఇంకా పూర్తిగా తియ్యలేదు. ఒకరోజు నేను వెళ్లేసరికి ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. ఆ గేటు ఎత్తయినది, ఇనుప తీగలు, పువ్వులు అల్లిన పాతకాలపు గేటు. ఆ పువ్వుల సందుల్లో మడత పెట్టిన కాగితాలు దూర్చి ఉన్నాయి. కొన్ని ఆమె చేతిలో ఉన్నాయి. పచ్చ అంచు, లోపల అందమైన అరబ్బీ అక్షరాలు, అడుగున ఫోనుకు చూపించే నల్ల గళ్ల చదరం, మూలన చిన్న ఎర్ర దీపం బొమ్మ. మసీదు దగ్గర పంచే దువా కాగితాల్లాగే ఉన్నాయి. నేను చెప్పులు విడిచి ముట్టుకోబోయాను.

“లింగా, ఇవి ఎవరు పెట్టారు?”

“తెలియదు మామా.”

“నువ్వు కాదు కదా?”

అన్నేళ్లలో ఆమె నన్ను అలా అడగడం అదే మొదలు. బజారు చిల్లర ఎంత మిగిలిందని కూడా ఏనాడూ అడగలేదు. నేను తల అడ్డంగా ఊపాను.

“ఇందులో ఏముందో తెలుసా నీకు?”

“దేవుడి మాటలు.”

“పైన ఒక వరుస దేవుడి పేరు. కింద అంతా మమ్మల్ని తిట్టడం. ఈ వాన మేమే కురిపించామట. రోగాలు మేమే తెచ్చామట. మమ్మల్ని ఊళ్లో ఉండనివ్వకూడదట.”

“మిమ్మల్ని అంటే?”

ఆమె నన్ను వింతగా చూసింది. “యహూద్‌ని. మేము యహూద్ కదా లింగా. నీకు తెలియదా?”

నిజంగా తెలియదు. ఆమె తాత బస్రా నుంచి ఓడ మీద వచ్చి మనామా బజారులో బట్టలు అమ్మాడని తెలుసు. అక్కడివాళ్లు ఇలా ఉంటారు కాబోలు అనుకున్నాను. శనివారం ఆమె పొయ్యి ముట్టించదు, లైటు స్విచ్చి కూడా నేనే వేయాలి. మా ఊళ్లో శనివారం ఒక్కపొద్దు ఉంటారు, ఇదీ అటువంటిదే అనుకుని అడగలేదు. యహూదులు, అంటే యూదులు, అనే మాట ఆ వానాకాలంలోనే, అదీ ఫోన్లలో, విన్నాను. వాళ్లు ఎక్కడో దూరాన ఉంటారనుకున్నాను. నేను రోజూ చెప్పులు జరిపి పెట్టే మనిషే అని తెలియదు.

“ఎవరికీ చెప్పకు,” అంది కాగితాలు చింపుతూ. “నేనెవరో, ఏ గేటులో ఉంటానో తెలిసినవాళ్లే చేస్తున్నారు. దావూద్‌కు కూడా చెప్పకు. తెలిస్తే నన్ను ఇక్కడ ఉండనివ్వడు.”

నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు పెద్ద పని కాదు.

కాగితాలు ఆగలేదు. రెండు మూడు రోజులకోసారి తెల్లవారేసరికి గేటు పువ్వుల్లో ఉండేవి, కొన్నిసార్లు గుప్పెడు. ఆమె సాయంత్రం అరుగు మీద కూర్చోవడం మానేసింది. పక్కింటావిడ కాఫీ పాత్ర పట్టుకుని వస్తే తలనొప్పి అని పంపేసింది. తలుపు చాటు నుంచి చేపలవాణ్ణి, గ్యాసువాణ్ణి, వాళ్ల వెనక నన్ను కూడా చూసేది. నేను తలెత్తితే పక్కకు తిప్పుకునేది.

ఆమె అందరినీ అనుమానిస్తుంటే నేను ఒక్కణ్ణి అనుమానించడం మొదలుపెట్టాను.

ఒక శుక్రవారం ముగ్గురం గదిలో ఉన్నాం. నర్సింగ్ ఫోను గట్టిగా పెట్టాడు. ఏదో వీడియో. మాట మన తెలుగే, గొంతు వార్తలు చదివే గొంతు. ఈ వాన దేవుడిచ్చింది కాదు, యహూదులు మందు చల్లి కురిపించారు, గల్ఫులో మన కూలీల కడుపు కొట్టడానికే ఇదంతా, తెలిసినవాళ్లందరికీ పంపండి అంటోంది. తెర మూలన చిన్న ఎర్ర దీపం.

“ఎవరు పంపిండ్రురా?” అన్నాను.

“మన ఊరి గ్రూపుల వచ్చింది బావా. అందరికీ వచ్చింది. సూడు, మా క్యాంపు మునిగింది వీళ్లతోనేనట.”

“బంద్ చెయ్,” అన్నాడు ఇనాయత్.

“ఎందుకు భాయ్? నిజం చెప్తుండ్రు.”

“ఏం నిజం? మీద కూసోని నల్లా తిప్పిండ్రా? మీ క్యాంపు కాడ మోరీలు పూడుకపోయి మునిగింది. పూడిక తియ్యలేదని నువ్వే తిడితివి గద మీ కంపెనోళ్లను.”

“అది వేరే.”

“ఏం వేరే! బంద్ చెయ్ అంటున్న!”

ఇనాయత్ అలా అరవడం నేను చూడలేదు. ఫోను లాక్కుని పరుపు మీద బోర్లా పడేశాడు. నాకు ఒకటే తోచింది. మూలన ఉన్న దీపం నేను చూస్తానని భయపడ్డాడా? మాలో అరబ్బీ అక్షరం కూడబలుక్కుని చదవగలిగేది అతనొక్కడే. చీకటితో సందు సందూ తిరిగే బండీ అతనిదే. ఉమ్మ్ దావూద్ గేటుకు రొట్టెల సంచి తగిలించేది కూడా అతనే.

అదే సాయంత్రం ముత్తెమ్మ ఫోను చేసింది.

“ఆ వాన ఎవలో మందు జల్లి కురిపిచ్చిండ్రట గదా? గాళ్లు మంచోళ్లు గాదట. నా తమ్ముడు పైలం. గాళ్ల జోలికి పోనియ్యకు.”

“ఎవల జోలికి?”

“గదే, గా యూదులో ఏందో. మన పక్కింటి వినోద ఫోన్‌ల సూపిచ్చింది.”

ముత్తెమ్మ జగిత్యాల దాటి ఎరగదు. ఆమెకూ చేరింది. నేను సరే అని పెట్టేశాను.

తర్వాత కొన్నాళ్లకు సైకిలు పంచరై ఇనాయత్ బండి ఎక్కాను. గుంతలో బండి ఎగిరి, ఎండకు అడ్డం పెట్టే రేకు కిందికి వాలింది. దాని వెనక పచ్చ అంచు కనబడింది. అతను గబుక్కున పైకి తోసేశాడు.

“ఏందది?”

“ఏం లే.”

నేను దిగేటప్పుడు అతను నా ముఖం చూశాడు, నేను అతని ముఖం చూశాను. ఇద్దరం దొంగల్లాగే ఉన్నాం.

ఆరోజు నుంచి గదిలో తిండి సయించలేదు. కడుపు బాగాలేదని నా పళ్లెం పక్కకు తీసుకునేవాణ్ణి. ఇనాయత్ కూడా మారిపోయాడు. పెట్టెకు తాళం వేశాడు. నర్సింగ్ ఫోను తీసినప్పుడల్లా కళ్లు అటే పోయేవి. నర్సింగ్ ఒక్కడే ఎప్పటిలాగే ఉన్నాడు.

“ఏమైందే మీకు? మొగుడు పెండ్లాల లెక్క అలుగుతుండ్రు. కూరల ఉప్పు ఎక్కువైందా?” అనేవాడు.

మధ్యాహ్నం ఎండలో బయట పని బంద్ చేసే రోజులొచ్చాయి. అప్పుడు దావూద్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, మనామాలో కంప్యూటర్ల పని. ఎలా తెలిసిందో ఏమో, కాగితం తల్లి చేతిలోంచి తీసుకుని ఆ నల్ల చదరానికి ఫోను చూపించాడు. ఫోనులో ఒక గ్రూపు తెరుచుకుంది. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు, ఒకచోట తెలుగు అక్షరాలు కూడా. అన్నిటికీ అదే ఎర్ర దీపం.

“వీళ్లు ఎక్కడివాళ్లో ఎవరికీ తెలియదు,” అన్నాడు. “కానీ అమ్మ గేటు దాకా వచ్చి పెట్టినవాడు మాత్రం ఇక్కడివాడే. నేను పోలీసులకు ఇస్తాను. లింగా, నీకు ఎవరి మీదైనా అనుమానం ఉందా?”

నేను నేల చూశాను.

“ఉంది,” అన్నాడు అతను. “నీ ముఖంలో ఉంది. పొద్దున వస్తాను. పేరు చెప్పు. చెప్పకపోతే వాళ్లు మొదట నిన్నే అడుగుతారు. అమ్మా, నువ్వు సామాను సర్దుకో.”

ఉమ్మ్ దావూద్ కొడుకును చూడలేదు. నన్నే చూస్తోంది. ఆ చూపు ముందు పేరు గొంతు దాకా వచ్చింది. చెప్తే ఇనాయత్ మళ్లీ బండి ఎక్కడు, సరాసరి ఇంటికి విమానమే. కోరుట్లలో వాళ్ల బిడ్డ కైనాత్ నర్సు చదువు చదువుతోంది. చెప్పకపోతే రేపటి నుంచి ఆమె కళ్లలో దొంగను నేనే. రేపు చెప్తాను అని వచ్చేశాను.

సాయంత్రం అన్నాలకు కూర్చున్నాం. పప్పుచారు, వేయించిన చేప. ఇనాయత్‌కు ఎదురుగా నేను. ఈ మనిషితో తినడం ఇదే ఆఖరు కావచ్చు అనుకున్నాను. నర్సింగ్ ఓవర్‌టైం చేసి అప్పుడే వచ్చాడు. కాళ్లు కడుక్కున్నాడు. చొక్కా లోపలి నుంచి ఒక కాగితం తీసి మడత విప్పి, దుమ్ము తుడిచి, రెండు కళ్లకూ అద్దుకున్నాడు. గూట్లో రాజన్న దేవుడి పటం పక్కన నిలబెట్టాడు. పచ్చ అంచు.

“గదేందిరా?” అన్నాను.

“ఏం లే బావా. అల్లా కాయితం. రోడ్డు మీద దొరికింది. గేటుకు పెడుదామంటె ఇయ్యాల గేటు కాడ కారుండె.”

“ఏ గేటుకు?”

“మీ మామ గేటుకే. దొరికినప్పుడల్ల పెడుత గదా. సందుల ఎత్తుగున్నది గదొక్కటే. పువ్వులల్ల దూరిస్తె గాలికి పడది. కాలి కింద పడితె పాపం గాదా?”

చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. నర్సింగ్ పళ్లెం ముందుకు లాక్కున్నాడు.

“పొద్దుగాల సందంత ఇవ్వే. ఇసుక పోసిన కవర్లల్ల పెట్టి ఎవడో ఇసిరేసి పోతడు, గాలికి పోకుండ. అన్నీ ఏరి ఒక్కకాడ పెడుత. చేప ముక్క ఇటెయ్యి బావా.”

ఇనాయత్ గ్లాసు కింద పెట్టాడు. “నాకిచ్చింది గూడ గట్ల దొరికిందేనా?”

“మరి? మీ దేవుని కాయితం మసీదుల పెట్టుమని ఇస్తి గద భాయ్.”

“అరె సాలే,” అన్నాడు ఇనాయత్. తల పట్టుకున్నాడు. “గాళ్లతోని కలిసి నువ్వే పంచుతున్నవనుకున్న. గా వీడియోలు సూస్తివి, గీ కాయితం నా చేతుల పెడితివి. నన్ను గూడ కలుపుకోను ఇచ్చినవనుకున్న. లింగన్నకు చెప్తె ఆయిన బామ్మర్దివాయె. ఎన్ని దినాల సంది నిద్ర లేదు నాకు.”

“నేనేం పంచిన?” అన్నాడు నర్సింగ్. “కొత్తల వచ్చినప్పుడు అరబ్బీ పేపరు చెత్తల ఊడ్చిననని ఫోర్‌మన్ చెంప మీద కొట్టిండు. అండ్ల దేవుని పేరుంటదట. అప్పటిసంది ఎన్నడు కింద ఉండనియ్యలే.”

ఇనాయత్ గూట్లోంచి కాగితం తీసి, చదివినంత చదివి, ఉర్దూలో తెలిసిన మాటలు పట్టుకుని తెలుగులో చెప్పాడు. నర్సింగ్ తినడం ఆపేశాడు.

“మరి గా మామ...”

“యహూదీ,” అన్నాను.

నర్సింగ్ గోడకు జారబడ్డాడు. “ముసలామె? రంజాన్‌కు నాకు ఖర్జూరాలిచ్చిన ముసలామెనా? ఫోన్ల గిట్ల చెప్పలేదు గదా బావా.” కాగితం వైపు చూసి అన్నాడు, “నన్ను పంపేస్తరా? అక్కకేం చెప్తవ్?”

ఇనాయత్ నా వైపు తిరిగాడు.

“నువ్వెవలననుకున్నవ్ లింగన్నా?”

నేను తల వంచి చేప ముల్లు ఏరాను.

“సమఝైంది,” అన్నాడు. తన పళ్లెం తన దగ్గరికి జరుపుకున్నాడు.

తిన్నాక చెయ్యి తుడుచుకుని కాగితం నర్సింగ్ ముందు పెట్టాడు. “ఇటు సూడు. పైన గీ ఒక్క వరుస అల్లా పేరు. కింద మొత్తం మనిషి కక్కింది. పై వరుస చింపి తీస్కరా, నేను సముద్రంల ఇడుస్త. మిగిలింది చెత్తల వెయ్యి. పాపమైతె నా మెడ మీదికి.” వరుస చించి చూపించాడు. పరుపు పరుచుకుని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లవారి అతని బండి కదిలిన చప్పుడు విన్నాను. రోజూ లేపేవాడు, ఆరోజు లేపలేదు. నేను నర్సింగ్ వెంట నడిచి పోయాను. దావూద్ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఉమ్మ్ దావూద్ లోపలి గడపలో కుర్చీ వేసుకుని కూర్చుంది, పక్కన పెట్టెలు కట్టి ఉన్నాయి.

“పేరు అడిగావు,” అన్నాను దావూద్‌తో. “నర్సింగ్. ఇతనే. నా భార్య తమ్ముడు.”

అతను ఫోను తీశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టి మొత్తం చెప్పాను. అరబ్బీ రానిచోట హిందీ, హిందీ రానిచోట తెలుగు. అన్ని మాటలు ఆ ఇంట్లో నేను ఎన్నడూ మాట్లాడలేదు. ఫోర్‌మన్ కొట్టిన చెంపదెబ్బ చెప్పాను. సందంతా పడినవి ఏరి ఒకచోట పెట్టడం చెప్పాను. దావూద్ నమ్మలేదు. ఉమ్మ్ దావూద్ లేచి గేటు దాకా వచ్చింది.

“ఎలా పెట్టేవాడివో చూపించు,” అంది నర్సింగ్‌తో.

వాడు ఆ పొద్దు ఏరిన కాగితం తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. కుడి కంటికి, ఎడమ కంటికి అద్దుకున్నాడు. కాలివేళ్ల మీద లేచి ఇనుప పువ్వులో దూర్చాడు. అలవాటు కొద్దీ గేటుకు దండం కూడా పెట్టి, నాలిక్కరుచుకున్నాడు.

ఆమె ముఖం అటు తిప్పుకుంది. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. మళ్లీ ఇటు తిరిగి అడిగింది.

“అన్ని గేట్ల ముందూ పడి ఉంటాయా?”

“అన్ని గేట్ల ముందట మామా. వేరే సందులల్ల గూడ. గవి వేరేటోళ్లు ఊడుస్తరు.”

“నా ఒక్క గేటుకే అనుకున్నాను,” అంది. సందు చివరి దాకా వరసగా ఉన్న తలుపులు చూసింది. “ఇతని పేరు ఎవరికీ ఇవ్వకు,” అని కొడుకుతో చెప్పింది. దావూద్ పువ్వులోంచి కాగితం లాగి జేబులో పెట్టుకుని, పోలీసులకు ఇది చాలు అన్నాడు. పెట్టెలు మాత్రం ఆమె విప్పమనలేదు. నేనూ అడగలేదు. తాళం చెవి నా చేతిలో పెట్టి, చెట్లకు నీళ్లు ఆపకు అంది.

నర్సింగ్ డ్యూటీ ఇంకా సగం సందు మిగిలి ఉంది. పక్కింటి గోడ పక్కన ఒక కవరు, దాని అవతల ఇంకొకటి, మూల మలుపు దాకా ఉన్నాయి. వాడు మొదటి కవరు తీసి నిలబడిపోయాడు. చెత్తబండిలో చేపతలలు, కుళ్లిన టమాటాలు ఉన్నాయి.

“నాతోని గాదు బావా,” అన్నాడు.

కవరు వాడి చేతిలోంచి నేను తీసుకున్నాను. ఇసుక గుమ్మరించాను. పై వరుస మెల్లగా చించి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మిగతా కాగితం చేపతలల మీద వేశాను. వాడు కళ్లు మూసుకున్నాడు. నేను ముందుకు పోయి రెండోది తీశాను.